సంతానలక్ష్మి వేసిన ఎనిమిది బేరింగులు

రాజపాళయంలో ఏ ఇంట్లోనైనా తిరిగేదేదైనా మొరాయిస్తే, ఇంటివాళ్ళు ముందు దాన్ని నాలుగు తిట్లు తిడతారు, తరవాత రెండు దెబ్బలు వేస్తారు, అప్పటికీ లొంగకపోతే సంతానలక్ష్మి కొట్టుకు పట్టుకొస్తారు. సీలింగు ఫ్యానైనా, పిండి రుబ్బే గ్రైండరైనా, చోళపురం పొలాల్లోని బావి మోటారైనా, సత్రపట్టిలో ఆసుపత్రి కట్టుగుడ్డ నేసే మగ్గం ముక్కైనా ఆమెకు ఒకటే. దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కసారి తిప్పి, ముఖం చిట్లించి, "ఇది ఎన్నాళ్ళుగా అరస్తా ఉండాది?" అని అడుగుతుంది. వచ్చినవాడు "నిన్న సాయంత్రం నుంచే" అంటాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

కొట్టు బోర్డు మీద 'బొమ్మయ్య బేరింగ్స్' అని ఉంటుంది. బొమ్మయ్య ఆమె తండ్రి. కొత్తవాళ్ళు లోపలికి తొంగిచూసి, గల్లా దగ్గర చీర కట్టుకున్న మనిషి కనబడగానే, "ఓనరు లేరా?" అంటారు. "లోపల పడుకోనున్నాడు. లేపితే ఆయన తిడతాడు, లేపకపోతే నేను తిడతాను. ఏది కావాలో సొల్లండి" అంటుంది ఆమె. యాభై ఒక్క ఏళ్ళ మనిషి. అందులో ముప్ఫై ఏళ్ళ గ్రీజు గోళ్ళ సందుల్లో ఉంది. పెళ్ళినాడు గోరింటాకు పెట్టబోయిన ఆడవాళ్ళు ఆ చేతులు చూసి, ఇప్పటికే పండినట్టుంది కదా అని వదిలేశారట. భర్త శంకరలింగం తళవాయిపురం బస్సు నడుపుతాడు. రోడ్డు మీద ఎవరినీ ముందుకు పోనివ్వడు గానీ, ఇంట్లో ఆమె మాటను ఒక్కసారీ ఓవర్‌టేక్ చేయలేదు.

బొమ్మయ్య కొట్టు పెట్టకముందు నూలుమిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫిట్టరు. మిల్లులో వేల కదుళ్ళు, కదురుకొక చిన్న బేరింగు. ఒక్కటి ఎండిపోయినా దారం తెగుతుంది, దారం తెగితే సూపర్‌వైజరు గొంతు లేస్తుంది. అందుకే ఆయన దృష్టిలో ప్రపంచ చరిత్ర రాజులదీ కాదు, యుద్ధాలదీ కాదు, రాపిడిది. మనిషి పుట్టినప్పటి నుంచి రాపిడి అనే దొంగ వాడి కష్టంలో సగం ఎత్తుకుపోతోందనీ, ఆ దొంగను పట్టుకోవడానికే నాగరికత అంతా నడిచిందనీ ఆయన నమ్మకం. వినేవాడు దొరికితే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఈజిప్టులో అంతంత పెద్ద రాళ్ళని ఎట్లా లాగినారనుకుంటివి? ముందర ఒకడు నిలబడి ఇసకలో నీళ్ళు పోస్తా ఉన్నాడు. అదే మొదటి గ్రీజు. రోము పక్కన ఒక చెరువులో పాతకాలం ఓడ దొరికింది. దాంట్లో పీట తిరిగేదానికి కింద లోహపు గుండ్లు పెట్టినారు. ఎట్లుండాది తెలివి! ఆ పొద్దు ఓడ మునిగింది, గుండ్లూ మునిగినాయి, జనం మరిచేపోయినారు. మళ్ళీ గుర్తొచ్చేదానికి ఎన్ని వందల ఏండ్లు పట్టిందో! ఇంగ్లీషోళ్ళ దేశంలో ఎవురో గుర్రబ్బండి ఇరుసుకి గుండ్లు పెట్టినాడు. పెట్టినాడు సరే, గుండ్లన్నీ ఒకే సైజుకి రావాల కదా? ఒకటి లావు, ఒకటి సన్నం అయితే బరువంతా లావుదే మోయాల. మన ఉమ్మడి కూట్టుక్కుటుంబం మాదిరి."

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం స్వీడన్‌ది. నూరేళ్ళకు పైబడిన కథ. అక్కడొక నూలుమిల్లు బంకమట్టి నేల మీద కట్టారు. నేల కుంగినప్పుడల్లా పొడుగాటి ఇరుసులు వంకరపోయి, బేరింగులు పగిలి, మిల్లు ఆగిపోయేది. ఆ మిల్లులో మరమ్మతులు చూసే ఇంజనీరుకు విసుగు పుట్టి, ఇరుసు వంకరపోతే తానూ ఒరిగి తిరిగే బేరింగు తయారుచేశాడు. ఇంతవరకు నిజం. ఆ పైన బొమ్మయ్య కలిపేవాడు: "మేనేజరు తిట్టినాడు, ఆయనకి రోషం వచ్చింది. ఈ లోకంలో ఏ బేరింగ్ చూసినా దానెనక ఒక మిల్లు ఫిట్టరు తిన్న తిట్లుండాయి, తెలుసుకో." ఇంజనీరును ఆయన ఫిట్టరుగా దించేసేవాడు. అది ఆయన లెక్కలో ప్రమోషను.

ఎనభై దాటాక మోకాళ్ళు పట్టేశాయి. "దేవుడు అన్నీ బాగనే చేసినాడు. గ్రీజు కొట్టే తూటు ఒకటి పెట్టేది మరిచిపోయినాడు" అంటూ కొట్టు వెనక గదిలో మంచం మీదకు చేరాడు. అక్కడి నుంచి వీధి వినబడుతుంది. ఆ వీధిలో ఆయనను చావకముందే చంపుతున్న చప్పుడు ఒకటి ఉండేది.

అది వీధి సంఘంవాళ్ళ స్వర్గరథం. పేరు ఘనం. నాలుగు ఇనుప చక్రాలు, గొట్టాల కటకటాలు, పైన రేకుల గోపురం, నీలంరంగు. ఎవరైనా పోతే అందులో పడుకోబెట్టి సుడుగాడు దాకా, అంటే శ్మశానం దాకా, ఆరుగురు మగవాళ్ళు తోసుకుపోతారు. కదిలిందంటే కీచుమని అరుపు. పోయినవాడికి స్వర్గం దొరికేదో లేదో గాని, ఉన్నవాళ్ళకు తలనొప్పి మాత్రం తప్పకుండా దొరికేది. దాని చక్రాల్లో బేరింగు లేదు, పాతకాలపు గన్‌మెటల్ బుష్షు, అంటే ఒక మెత్తటి గొట్టం. తాను అరిగి ఇరుసును కాపాడటం దాని పని. పాపం ఎండిపోయి, అరిగిపోయి, ఏడుస్తూ ఆ పనే చేస్తోంది.

"అమ్మాడీ," అన్నాడు బొమ్మయ్య ఒకరోజు, ఆ అరుపు వీధి చివర దాకా పోయి ఆగాక. "నన్ను దాంట్లో ఎక్కించినావంటే నడిమధ్యలో లేచి నడిచి పోతాను. ఊరికంతా బేరింగ్ వేసినోణ్ణి కీచుకీచుమని తోసుకోని పోతే నవ్వరా? నా మానం పోదా?"

"నిన్ను సద్దు లేకుండా పంపిస్తాను. సరేనా? ఇప్పుడు మాత్ర మింగు."

"మాట ఇచ్చినావు."

"ఇచ్చినాను, మింగు."

మాట ఇవ్వడం తేలిక. సంఘం అధ్యక్షుడు సౌందరరాజన్ దగ్గరకు వెళ్ళి చూస్తేగాని ఆమెకు అసలు చిక్కు తెలియలేదు. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు, ఆ షెడ్డు తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు. చావు జరగనిదే షెడ్డు తాళం తీయకూడదట. వట్టినే తీస్తే ఎనిమిది రోజుల్లో ఇంకొకరిని పిలిచినట్టట.

"చక్రం మార్చొద్దు సరే మామా. రెండు చుక్కలు నూనైనా వేయకూడదా?"

"నూనె వేస్తే దారి సుళువవతాది. ఎవురో ఒకరు తొందరపడతారు" అన్నాడు సౌందరరాజన్, చాలా గంభీరంగా.

ముప్ఫై ఏళ్ళుగా బండి ఎందుకు అరుస్తోందో సంతానలక్ష్మికి అప్పుడు బోధపడింది. చావు లేనప్పుడు తాకకూడదు. చావు ఉన్నప్పుడు నూనె సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఇంత పకడ్బందీగా ఒక వస్తువును పాడుచేయాలంటే తెలివి తక్కువవాళ్ళ వల్ల కాదు, పెద్దమనుషులే కావాలి.

ఆమె వేరే దారి పట్టింది. ఆ ఏడు పక్కింటి రుక్మణమ్మ తొంభై నిండి పోయినప్పుడు, బండి వాకిట్లోకి రాగానే సంతానలక్ష్మి పరుగెత్తి దాని చక్రం పక్కన కూలబడి, ఇరుసును పట్టుకుని భోరుమంది. బతికున్నప్పుడు ఆ ముసలమ్మతో ఆమెకు చెత్తకుండీ దగ్గర రోజూ తగువే. అంత ప్రేమ ఎక్కడ దాచుకుందో అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. కొంగు కింద ఆమె దాచుకున్నది కొలిచే కాలిపరు. ఇరుసు సరిగ్గా ఇరవై అయిదు మిల్లీమీటర్లు వచ్చింది. బుష్షు తన పని నిజాయితీగా చేసింది, ఇరుసు చెక్కుచెదరలేదు. బేరింగు నంబరులో చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, కాబట్టి అరవై రెండు సున్నా అయిదు కావాలి. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. కళ్ళలో నీళ్ళు మాత్రం నిజంగానే ఉన్నాయట, తుప్పు రాలి పడిందని చెప్పింది.

బండిని తాకకూడదన్నారు గాని, బండికి కొత్త చక్రాలు చేయించకూడదని ఎవరూ అనలేదు. లేత్ పట్టరలో, అంటే లోహం చెక్కే కార్ఖానాలో, నాలుగు చక్రాలు చేయించి, చక్రానికి రెండు చొప్పున ఎనిమిది బేరింగులు తెచ్చి, తండ్రి మంచం కింద పెట్టింది. శంకరలింగం రోజుకొకసారి వాటిని తన్నుకుని కాలివేలు పట్టుకుని గెంతేవాడు. బొమ్మయ్య మాత్రం రోజూ ఒక బేరింగు తెప్పించుకుని, వేలికి తొడిగి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఆనందించేవాడు.

"ఎప్పుడు బిగిస్తావు?"

"నువ్వు పోతే కదా బిగించాల."

"అట్లయితే నేను తొందరపడాల" అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. లోపలి గదిలో అన్నం తింటున్న శంకరలింగానికి ముద్ద దిగలేదు.

పోయిన ఆవణి మాసంలో ఒక పొద్దున బొమ్మయ్య కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుని, అలాగే కన్నుమూశాడు. పది గంటలకు సౌందరరాజన్ షెడ్డు తీయించాడు. బండి కీచుమంటూ వాకిట్లోకి వచ్చింది. రెండు గంటలకు ఎత్తాలన్నారు. అంటే ఆమె చేతిలో ఉన్నది నాలుగు గంటలు.

శవం లేచేదాకా ఆ ఇంట పొయ్యి వెలిగించకూడదు. సంతానలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి ఇడ్లీ కుండ ఎక్కించింది. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఠక్కున ఆగిపోయారు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె గుమ్మం దగ్గరకు వచ్చి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏమ్మే, పీనుగ ఇంట్లో పెట్టుకోని ఇడ్లీ పోస్తా ఉండావా?"

"ఇడ్లీ కాదు అత్తా, బేరింగు. లోపల చూడండి."

పెద్దావిడ మూత తీసి చూసింది. మరుగుతున్న నీళ్ళ మధ్య ఒక నూనె డబ్బా, అందులో ఎనిమిది ఉక్కు కడియాలు. మూత పెట్టేసి, మళ్ళీ ఏడవడానికి వెళ్ళిపోయింది.

అది బొమ్మయ్య నేర్పిన పద్ధతే. బేరింగును సుత్తితో కొట్టి ఇరుసుకు ఎక్కిస్తే ఆ దెబ్బ లోపలి గుండ్లకు తగిలి, అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి. మొదటిరోజే గాయం, ఇక ఉన్నన్నాళ్ళూ మూలుగు. అదే వెచ్చబెడితే వెంట్రుకవాసి సాగి, జారి కూర్చుని, చల్లారాక గట్టిగా పట్టుకుంటుంది. మరీ కాలిస్తే ఉక్కు చెడుతుంది. నీళ్ళు ఎంత మరిగినా ఒక వేడి దాటవు కనుక ఇడ్లీ కుండను మించిన యంత్రం లేదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కోసం ఆయన భార్య మూడు ఇడ్లీ కుండలు పోగొట్టుకుంది, ముగ్గురు దేవుళ్ళకు మొక్కుకుంది.

శంకరలింగం బస్సు జాకీ తెచ్చి బండిని లేపాడు. ఆమె కింద దూరింది. పాత చక్రాలు ఊడదీసి, ఇరుసు మీది తుప్పును ఎమరీ కాగితంతో తుడిచి, గుడ్డతో పట్టుకుని వేడి బేరింగులు ఒక్కొక్కటే జార్చింది. అవి సరిగ్గా చోటు చూసుకుని కూర్చున్నాయి. వాటి మీద కొత్త చక్రాలు ఎక్కించడమే మిగిలింది. కర్మ చేయవలసిన చిన్నాన్న కొడుకు జెగదీశ్ మదురై నుంచి వచ్చి, తడిపంచెతో పక్కన నిలబడి చూస్తున్నాడు.

"అక్కా, నువ్వు ఏడవలేదని అందరూ అంటా ఉండారు."

"చక్రం అట్లా ఎత్తి పట్టుకోరా తమ్ముడూ. నాయనకి నా ఏడుపు కావాలా, ఈ చక్రం కావాలా?"

జెగదీశ్ ఒక్క క్షణం ఆలోచించి చక్రం ఎత్తి పట్టుకున్నాడు.

రెండు గంటలకు బొమ్మయ్యను ఎక్కించారు. దండలు వేశారు, డప్పులు మొదలయ్యాయి, ఆరుగురు చెయ్యి వేశారు. బండి కదిలింది. చప్పుడు లేదు. డప్పులు వినబడ్డా, ఆ కీచుకు అలవాటుపడ్డ వీధి జనం బండి ఇంకా దూరమే అనుకుని, అది ఎదురుగా వచ్చేసరికి టీ గ్లాసులతోనే లేచి నిలబడవలసి వచ్చింది. వెనక ఆడవాళ్ళతో నడుస్తున్న సంతానలక్ష్మి చెవులు రిక్కించి విన్నది. డప్పులు వినబడ్డాయి, శంఖం వినబడింది, చక్రం వినబడలేదు. తండ్రి పోయిన రోజున సంతోషపడవచ్చో లేదో ఆమెకు తెలియదు. సంతోషం వేసింది, అంతే.

వీధి మూల దగ్గర బండి ఆపారు. అక్కడిదాకానే ఆడవాళ్ళు. మూడుసార్లు చుట్టు తిరిగి, దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి పోవాలి. అందరూ తిరిగారు. సౌందరరాజన్ చెయ్యి ఊపాడు. అక్కడి నుంచి ఓడై దాకా, అంటే వాగు దాకా, రోడ్డు పల్లం.

ఆరుగురూ ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి, నడుం వంచి, ముప్ఫై ఏళ్ళ అలవాటున ఒక్క తోపు తోశారు. బండి వాళ్ళ చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ఆరుగురూ ఉన్నచోటే ముందుకు పడ్డారు. బొమ్మయ్య మాత్రం ఆగలేదు.

తను చేసిన తప్పు సంతానలక్ష్మికి ఒక్క క్షణంలో తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ కీచుమనే బుష్షే ఆ బండికి బ్రేకు. ఆమె బ్రేకు ఊడదీసింది. బొమ్మయ్య చెప్పిన చరిత్రంతా రాపిడి దొంగేనంది. ఆ దొంగ ఒక్కోచోట కాపలా కూడా కాస్తాడని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. వెనక ఆడవాళ్ళు "పోవద్దే, పోవద్దే" అని అరిచారు. ముందు డప్పులవాళ్ళు బండి మీదకు వస్తుంటే డప్పు ఆపకుండానే ఇటొకరు అటొకరు తప్పుకున్నారు, దెబ్బ మాత్రం వేగం పెంచారు. ఎనభై మూడేళ్ళ జీవితంలో బొమ్మయ్య ఎక్కడికీ ఇంత వేగంగా పోయి ఉండడు. ఆమె వెనక కటకటాన్ని అందుకుని రెండు కాళ్ళూ తన్నిపెట్టింది. బండి ఆమెను కూడా ఈడ్చుకుపోయింది. రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు అమ్మే రామర్ కత్తి చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"రామరన్నా! కాయ! చక్రం కింద కాయ తన్ను!"

రామర్ కుప్పను కాలితో తన్నాడు. మొదటి బోండాం చక్రానికి తగిలి ఎగిరి సౌందరరాజన్ పంచెకు తగిలింది. రెండోది ముందు చక్రం కింద పడి నలిగింది. మూడోదీ నాలుగోదీ కలిసి ఇరుక్కున్నాయి. బండి ఒక్క కుదుపుతో ఆగింది. బొమ్మయ్య తలపాగా కాస్త పక్కకు ఒరిగింది, అంతకుమించి ఏమీ కాలేదు.

మగవాళ్ళంతా రొప్పుతూ వచ్చి చేరారు. సౌందరరాజన్ అందరికంటే చివర వచ్చి, పంచె దులుపుకుని, ఊపిరి కూడదీసుకున్నాడు.

"సరి అమ్మాడి. పట్టుకున్నావు, మేలు చేసినావు. ఇంక నువ్వు ఇంటికి పో. ఆడోళ్ళు మూల దాటి రాకూడదు. ఎప్పుడూ లేని పళక్కం, కొత్త ఆచారం పెట్టొద్దు."

సంతానలక్ష్మి కిందికి చూసింది. పల్లం ఇంకా ఫర్లాంగు దూరం ఉంది. ఈ ఆరుగురికి తోయడం తెలుసు, పట్టి ఆపడం తెలియదు. తెలియవలసిన అవసరం వాళ్ళకు ఎన్నడూ రాలేదు.

"వదిలేయమంటారా మామా?"

"వదిలేయి."

ఆమె రామర్‌కు సైగ చేసింది. అతడు బోండాలను తప్పించాడు. ఆమె చేతులు కొంచెం సడలించింది. బండి అరడుగు జారింది.

"వదలొద్దు! వదలొద్దు!" అని అందరికంటే గట్టిగా అరిచింది సౌందరరాజనే.

ఆమె చెప్పినట్టు నలుగురు వెనక్కి వచ్చి తువ్వాళ్ళు కటకటాలకు కట్టి పట్టుకున్నారు, ఇద్దరు ముందు నిలబడి వెనక్కి నడిచారు. మధ్యలో ఆమె. "మెల్లిగా, మెల్లిగా, ఎడమపక్క విడు, ఆమా, అట్లనే" అంటూ అడుగు తరవాత అడుగు దించింది. అప్పుడు వచ్చింది ఏడుపు. రెండు చేతులూ కటకటం మీదే ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. కన్నీళ్ళూ ముక్కూ కారుతుండగానే, "కుడిపక్క పట్టు, చచ్చినట్టు పట్టు" అని పురమాయించింది. ముందు నడుస్తున్న జెగదీశ్ నిప్పుకుండతో ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తల వంచుకుని నడిచాడు. చక్రాలు నోరు మెదపలేదు. ఆమెకు తండ్రి మీద ప్రేమ ఎంతో ఆ పల్లంలో చేతుల బరువుగా తెలిసింది.

ఓడై దాటారు, సుడుగాడు గేటు దాటారు. లోపల సిమెంటు నేల, సమంగా ఉంది. మగవాళ్ళు తువ్వాళ్ళు విప్పుకుని భుజాన వేసుకున్నారు. చితి దగ్గర కట్టెలు సర్దుతున్నారు. సౌందరరాజన్ ఆమె వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, మళ్ళీ ఆమె చేతుల వైపు చూశాడు. బండి ఇక ఎక్కడికీ జారదని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆమె వదల్లేదు. వదలమని ఆయనా అనలేదు.